రెండు గుంటల పొడవున ఒక సీజన్

క్రికెట్ ఎంపికల రోజు పొద్దున్నే కల్వకుర్తి బస్టాండులో జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ పోయే బస్సు కోసం నువ్వూ నిలబడే ఉంటావు. పదకొండు మందికి ఒకటే కిట్ బ్యాగు. దాన్ని ఎవరు మోయాలన్న దగ్గర చిన్న తగాదా. మిడ్జిల్ దాటేసరికి సగం మంది నిద్రలో ఉంటారు. మహబూబ్‌నగర్‌లో దిగాక మైదానం నిండా పిల్లలు, చీటీల మీద పేర్లు, పొడుగాటి వరస. నీ వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కుతుంది. నెట్‌లో పట్టుమని పది బంతులు పడతాయో లేదో, తరువాతి పేరు పిలుస్తారు. సాయంత్రం జాబితా చదివినప్పుడు మీ బడి నుంచి ఒక పేరు వినపడితే గొప్ప, రెండు వినపడితే పండగ. మిగతా తొమ్మిది మంది అదే బస్సులో తిరిగొస్తారు. ఆ ఏటికి వాళ్ల సీజన్ అయిపోయినట్టే.

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954లో మొదలైంది. అండర్-14, అండర్-17, అండర్-19 అంటూ మండలం నుంచి రాష్ట్రం దాకా మెట్లు కట్టింది. కబడ్డీ, ఖోఖోల్లో మండల స్థాయిలో బడి మీద బడి ఆడుతుంది, గెలిచినా ఓడినా అందరూ కలిసే. క్రికెట్‌కు వచ్చేసరికి చాలాసార్లు పిల్లవాణ్ని ఎంచుతారు, జట్టును కాదు. 2016లో కల్వకుర్తి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చినా, ఆటల ఎంపికల దగ్గర ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అన్న మాట ఇంకా పోలేదు. అంటే నీ పోటీ అచ్చంపేట నుంచి నారాయణపేట దాకా ఉన్న పిల్లలందరితోనూ.

నువ్వు కెప్టెన్‌వి. ఏడాదంతా కలిసి ఆడిన జట్టు ఒక్క పూటలో విడివిడి పేర్లుగా చెదిరిపోతుంటే చూస్తూ నిలబడాల్సింది నువ్వే. ఆ పద్ధతిని మార్చడం నీ వల్ల కాదు, నా వల్లా కాదు. సీజన్ ఎంత పొడుగుండాలన్నది మాత్రం నీ చేతిలో పని. ఒక మైదానం, ఒక లాంగ్ నోట్‌బుక్, ముప్పై రెండు మంది పిల్లలు ఉంటే చాలు. ఈ అధ్యాయమంతా ఆ పని ఎట్లా చేయాలో చెప్పడానికే.

ముందొక పాత సంగతి. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో క్లిఫ్టన్ కాలేజీ అని ఒక బడి ఉంది. 1899 జూన్‌లో అక్కడ 13 ఏళ్ల ఏఈజే కాలిన్స్ అనే అబ్బాయి 628 పరుగులు చేసి నాటౌట్‌గా మిగిలాడు. పుట్టింది మన దేశంలోనే, హజారీబాగ్‌లో. క్రికెట్‌లో ఒక మనిషి ఒక ఇన్నింగ్స్‌లో చేసిన అత్యధిక పరుగులుగా ఆ అంకె 116 ఏళ్లు నిలిచింది. 2016 జనవరిలో కల్యాణ్‌లో ప్రణవ్ ధన్వడే అనే బడి పిల్లవాడు 1009 కొట్టేదాకా దాన్ని ఎవరూ దాటలేదు. నాకు నచ్చింది ఆ అంకె కాదు. కాలిన్స్ ఆడినది పెద్ద టోర్నమెంటేమీ కాదు, ఒకే బడిలోని రెండు హౌస్‌ల పిల్లలు తమలో తాము ఆడుకున్న మ్యాచ్. అతని ఇన్నింగ్స్ నాలుగు సాయంత్రాలు సాగింది. మైదానం కూడా మన బడి మైదానం లాంటిదే, ఒక పక్క గోడ దగ్గర, ఇంకో పక్క వాలు. గోడ వైపు బౌండరీకి రెండే పరుగులు, వాలు వైపు కొడితే పరుగెత్తినన్ని. మన గల్లీల్లో ‘గోడకు తగిలితే రెండు’ అనుకుంటామే, అదే లెక్క. పుస్తకంలో స్కోరు రాసింది కూడా పిల్లలే. తరువాత వాళ్లలో ఒకడు ఒప్పుకున్నాడు, ఆ 628లో ఇరవై అటో ఇటో ఉండొచ్చని.

ఎవరో పెద్దవాళ్లు వచ్చి సీజన్ పెడతారని ఆ పిల్లలు కాచుకొని కూర్చోలేదు. తమలో తాము ఆడుకున్నారు, రాసుకున్నారు. రాయకపోయి ఉంటే ఆ ఇన్నింగ్స్ ఒక పుకారుగా మిగిలేది. మీ బడిలో కూడా అట్లాంటి పుకార్లు ఉంటాయి. ‘మా అన్న వాళ్ల బ్యాచ్‌లో ఒకడు ఆరు బంతులకు ఆరు సిక్సులు కొట్టిండట’ అంటారు. ఎవడు, ఎప్పుడు, ఎవరి బౌలింగ్‌లో అని అడిగితే నోరు పెగలదు.

ఇక పనిలోకి దిగుదాం. ముందు పిచ్. పొడవు 22 గజాలు, అంటే 66 అడుగులు. టేపు దొరకలేదని అడుగులతో కొలిచేయకు. పొడుగాటోడి అడుగొకటి, పొట్టోడి అడుగొకటి. మీ నాయిననో తాతనో అడుగు, గుంట భూమి అంటే ఎంత అని. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు, మొత్తం 121 చదరపు గజాలు. నలభై గుంటలు ఎకరం. రెండు గుంటలు పక్కపక్కన పెడితే వాటి పొడవు 66 అడుగులు. అదే నీ పిచ్. ఇది ఊరికే కలిసిన పోలిక కాదు. పాతకాలం సర్వే గొలుసు పొడవు 22 గజాలు, క్రికెట్ పిచ్ పొడవూ అదే, ఎకరం లెక్క పుట్టిందీ ఆ గొలుసు నుంచే. చెలక కొలిచే చేతులున్న ఇంట్లో పిల్లవాడు పిచ్ కొలవడానికి ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు.

పిచ్‌ను ఉత్తర దక్షిణాలుగా వెయ్యి. తూర్పు పడమరలుగా వేస్తే బడి వదిలాక ఆడే ఆటలో దిగిపోయే సూర్యుడు సరిగ్గా బ్యాటర్ కళ్లలో ఉంటాడు. మన మొరం నేల మీద మట్టి, నీళ్లు, రోలర్‌తో చేసే పిచ్ నాలుగు వానలకు పాడైపోతుంది. ఒక సిమెంటు పట్టీ ఉంటే దానిమీద చాప పరిస్తే సరి. లేకపోతే ఊడ్చిన గట్టి నేలే చాలు. రాళ్లు ఏరడం మాత్రం ప్రతిరోజూ ఆట ముందు చేయాల్సిన పని. ఆ పని ఓడిన జట్టుదని పెడితే ఓడినా ఏడవకుండా ఏరుతారు, తరువాతి వారం గెలవాలన్న కసి కూడా పెరుగుతుంది.

ఇప్పుడు జట్లు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలను కలిపి నాలుగు జట్లు చెయ్యి, ఒక్కోదానికి ఎనిమిది మంది. తరగతి మీద తరగతి పెట్టావంటే ప్రతిసారీ పదో తరగతే గెలుస్తుంది, ఎనిమిదో తరగతి వాళ్లు రెండో వారానికే రావడం మానేస్తారు. పేర్లు మీ చుట్టుపక్కల ఊళ్లవే పెట్టుకోండి. వెల్దండ, ఊర్కొండ, వంగూరు, తాడూరు అంటే పిల్లలు కొట్టుకొని మరీ ఆడతారు. ముంబయి, చెన్నై పేర్లు టీవీలో ఎట్లాగూ ఉన్నాయి. నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడితే ఆరు మ్యాచ్‌లు, రెండేసి సార్లు ఆడితే పన్నెండు. వారానికి ఒక మ్యాచ్, ఒక సాయంత్రం ఒక ఇన్నింగ్స్. జూన్ 12న బళ్లు తెరిచాక పుస్తకాలు, యూనిఫారాల సందడి తగ్గగానే మొదలుపెడితే దసరా సెలవుల దగ్గరికి పన్నెండు మ్యాచ్‌లూ పడతాయి.

ఆట పద్ధతి మాత్రం మామూలుది పెట్టకు. మామూలు ఆటలో ఏమవుతుందో నీకు తెలుసు. మొదటి బంతికే ఔటైన పిల్లవాడు తిరిగొచ్చి చెట్టు కింద కూర్చుంటాడు, పదకొండో నంబరోడికి బ్యాటు అందదు, పెద్దోళ్లిద్దరే ఓవర్లన్నీ వేసేస్తారు. ఆ పదకొండోవాడికది ఆట కాదు, బంతులు తెచ్చిచ్చే కూలి. ఇంగ్లండులో చిన్నపిల్లలతో జంటల ఆట ఆడిస్తారు. అది మనకు చక్కగా పనికొస్తుంది. ఎనిమిది మందిని నాలుగు జంటలు చేస్తారు. ప్రతి జంటకూ నాలుగు ఓవర్లు, ఔటైనా కాకపోయినా. ఔటైతే జట్టు లెక్కలో అయిదు పరుగులు కోత పడుతుంది, బ్యాటర్ మాత్రం క్రీజులోనే ఉంటాడు. మొత్తం పదహారు ఓవర్లు, ఒక్కొక్కడు రెండేసి ఓవర్లు వేసి తీరాలి. గంటలో అయిపోతుంది. అమ్మాయిలు పదకొండు మంది లేరని మీ బడిలో ఇన్నేళ్లూ జట్టు కట్టలేదేమో. ఈ ఆటకు పదకొండు మంది అక్కర్లేదు, నలుగురున్నా జంటల్లో కలిసిపోతారు.

అంపైరింగ్ ఆ రోజు ఆడని జట్టు వాళ్లదే. మన ఊళ్లలో బ్యాటింగ్ జట్టు వాళ్లే అంపైర్లుగా నిలబడతారు, తొండి అక్కడే పుడుతుంది. ఎల్బీడబ్ల్యూ మొదటి రోజు నుంచే పెట్టు. గల్లీలో ఎల్బీ ఉండదు కాబట్టి మన పిల్లలు కాలు అడ్డం పెట్టి బతికేస్తుంటారు, ఎంపికల దగ్గర మాత్రం మొదటి ఇన్‌స్వింగ్‌కే దొరికిపోతారు.

లాంగ్ నోట్‌బుక్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా బడి రోజుల్లో నాకు దక్కిన ఉద్యోగం అదొక్కటే. నాకు బ్యాటింగ్ రాదు. బౌలింగ్ వేస్తే వికెట్‌కీపర్‌కు వ్యాయామం. అందుకని ‘నువ్వు రాయిరా’ అన్నారు. ఒకసారి ఆఖరి మ్యాచ్‌లో రెండు వైపుల లెక్కా కలవలేదు, ఒక పరుగు తేడా వచ్చింది. రెండు జట్లూ నా మీద పడ్డాయి. ఆ రోజు ఏడ్చాను గానీ స్కోరు రాయడంలో అసలు కిటుకు ఆ రోజే తెలిసింది.

ప్రతి బంతికీ ఒక గుర్తు. పరుగు లేకపోతే చుక్క, పరుగులొస్తే అంకె, వికెట్‌కు ఒక గుర్తు, వైడ్‌కు ఒకటి, నోబాల్‌కు ఒకటి. బ్యాటర్ల వైపు ఒకసారి, బౌలర్ల వైపు ఒకసారి, రెండు చోట్లా రాయాలి. చివర్లో బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలన్నీ కలిపితే జట్టు మొత్తం రావాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్‌బైలు కలిపినా అదే అంకె రావాలి. కిరాణా కొట్టు ఖాతా లాంటిదే, గల్లాలో ఉన్నది, పుస్తకంలో రాసింది ఒకటి కావాలి. వికెట్ కోతలను వీటితో కలపకుండా అడుగున విడిగా రాయి. రాసేవాళ్లు ఇద్దరుండాలి, జట్టుకొకరు, ఓవర్ ఓవర్‌కూ పక్కవాడితో సరిచూసుకోవాలి.

నాలుగు మ్యాచ్‌లయ్యాక ఆ పుస్తకం తెరిచి కూర్చో. పదహారు ఓవర్లంటే 96 బంతులు. అందులో చుక్కలెన్నో లెక్కపెట్టు. సిక్సులు కొట్టడం మీదే ధ్యాస ఉన్న జట్టుకు సగానికి సగం చుక్కలే కనిపిస్తాయి. వాటిలో పదింటిని ఒక్కో పరుగుగా మారిస్తే చాలు, సిక్సులు నేర్చుకున్నదానికంటే ఎక్కువ లాభం. తరువాత ఎక్స్‌ట్రాలు చూడు. బడి మ్యాచ్‌లలో చాలాసార్లు టాప్ స్కోరర్ ఆయనే, మిస్టర్ ఎక్స్‌ట్రాస్. ఆయన్ను ఔట్ చేయాలంటే నెట్స్‌లో స్పీడు పెంచడం ఆపి, ఒక స్టంపు పాతి దానికి ఎన్ని బంతులు దగ్గరగా పడుతున్నాయో పక్కవాడితో రాయించాలి.

క్యాచ్ వదిలిన సంగతి కూడా రాయాలి. వదిలినవాడి పేరు మాత్రం రాయకు, వాడు ఎక్కడ నిలబడ్డాడో రాయి. పేరు రాశావంటే ఆ పేజీ వాడి మెడకు చుట్టుకుంటుంది, రెండో వారం బంతి పైకి లేస్తే వాడు రెండడుగులు వెనక్కి వేస్తాడు. చోటు రాస్తే కొన్ని వారాలకు నీకే ఒక సంగతి తెలుస్తుంది. పడమర ముఖం పెట్టి నిలబడ్డవాళ్లే సాయంత్రంపూట క్యాచులు వదులుతున్నారని. తప్పు చేతులది కాదు, పొద్దుది. అప్పుడు ఆ చోట టోపీ ఉన్నవాణ్ని నిలబెడతావు.

ఒక బౌలర్‌ను ఒక రోజు ఉతికి ఆరేశారనుకో. పుస్తకంలో ఆ అంకె ఉంటుంది, వాడు దాన్ని చూడకుండా పేజీ తిప్పేస్తాడు. వాడికి 1988 ఫిబ్రవరి సంగతి చెప్పు. ముంబయి ఆజాద్ మైదాన్‌లో హారిస్ షీల్డ్ మ్యాచ్. 1896 నుంచి నడుస్తున్న బడి టోర్నమెంట్ అది. శారదాశ్రమ్ పిల్లలు సచిన్ టెండూల్కర్, వినోద్ కాంబ్లీ సెయింట్ జేవియర్స్ మీద 664 పరుగుల భాగస్వామ్యం చేశారు. సచిన్ 326, కాంబ్లీ 349, ఇద్దరూ నాటౌట్. ఆ కథ అందరికీ తెలుసు. బంతులు వేసిన పిల్లల గురించి ఎవరూ అడగరు. వాళ్లలో ఒక లెగ్‌స్పిన్నర్ 182 పరుగులిచ్చాడు, వికెట్ లేదు. పేరు సాయిరాజ్ బహుతులే. తరువాత భారత జట్టుకు టెస్టులు ఆడాడు, ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో 600కు పైగా వికెట్లు తీశాడు. ఆ రోజు రెండో వైపున కాళ్లకు ప్యాడ్లు కట్టుకొని తన వంతు కోసం కూర్చున్న అమోల్ మజుందార్ కథ ఇంకొకటి. వంతు రానేలేదు. పెద్దయ్యాక రంజీల్లో పరుగుల వరద పారించినా భారత జట్టు పిలుపూ రాలేదు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన మహిళలు ప్రపంచ కప్ గెలిచినప్పుడు వాళ్ల కోచ్ ఆయనే, ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. నీ జట్టు పిల్లవాడికి మజుందార్ కథ చెప్పకపోయినా ఫరవాలేదు, అందులో ఓపిక పాలు మరీ ఎక్కువ, పద్నాలుగేళ్ల వాడికి మింగుడు పడదు. బహుతులే కథ చెప్పి, వచ్చే వారం వాడి రెండు ఓవర్లు వాడికి ఇవ్వు. మన నియమం ప్రకారం ఎట్లాగూ ఇవ్వాల్సిందే.

బంతి సంగతి. టెన్నిస్ బంతి అరవై గ్రాములు కూడా ఉండదు. మగవాళ్ల లెదర్ బంతి 156 నుంచి 163 గ్రాములు, దాదాపు మూడింతలు. అమ్మాయిల బంతి 140 నుంచి 151. మీ పన్నెండు మ్యాచ్‌లూ టెన్నిస్ బంతితోనే ఆడుకోండి, ఖర్చు తక్కువ, భయం తక్కువ. ఎంపికలు మాత్రం లెదర్ బంతితో జరుగుతాయి కాబట్టి వారానికి రెండు రోజులు వేరే సాధన కావాలి. మొదట టెన్నిస్ బంతిని నీళ్లలో ముంచి సిమెంటు మీద వేయించు, అది లేవకుండా జారి వస్తుంది, అడ్డంగా ఊపే అలవాటును విరిచేస్తుంది. తరువాత లెదర్ బంతితో క్యాచులు, ఆ తరువాతే బ్యాటింగ్. ఒక్క నియమం దగ్గర మొహమాటం వద్దు: హెల్మెట్, గార్డు లేకుండా లెదర్ బంతి ముందు ఎవరూ నిలబడొద్దు. నీ ప్రాణ స్నేహితుడైనా సరే, సర్పంచి కొడుకైనా సరే.

కిట్ నిండుగా ఉన్న ప్రైవేటు బడి జట్టును చూసి మీ వాళ్లు బస్సు దిగకముందే ఓడిపోతుంటారు. పెద్ద పేరు ఓడదన్న మాట కల్వకుర్తిలో చెల్లదు. 1989లో ఎన్టీ రామారావు ఇక్కడ నిలబడితే చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. మన తాతలు ఆ కథను ఇప్పటికీ టీ కొట్ల దగ్గర చెప్తుంటారు. వాళ్లు ఏ పార్టీ అన్నదాన్ని బట్టి కథ రుచి మారుతుంది, అది వేరే సంగతి.

దసరా తరువాత పత్తి ఏరే రోజులు వస్తాయి. అప్పుడు సాయంత్రం ఆట పెడితే ఇంట్లో ‘పొద్దంతా ఆటేనా, పత్తి ఎవరేరాలె?’ అంటారు. అనాలి కూడా, ఇంటి ఏడాది తిండి ఆ చేనులో ఉంది. ఆ వారాల్లో మ్యాచ్ పెట్టకు. పెట్టి, రాని పిల్లవాణ్ని జట్టులోంచి తీసేసే కెప్టెన్లను చూశాను. అది క్రమశిక్షణ అనుకుంటారు గానీ, చేను లేనివాళ్ల జట్టు మాత్రమే మిగులుతుంది. అమ్మానాన్నలు పనికి పట్నమో పుణెనో పోయి, తాత దగ్గర ఉండే పిల్లలు కూడా మీలో ఉంటారు. వాళ్లకు సాయంత్రం మేకలను తోలుకొచ్చే పని ఉంటే, స్కోరు రాసే వంతు మధ్యాహ్నం లెక్కలు సరిచూసే పనిగా మార్చు. పుస్తకం చేతిలో ఉన్నన్నాళ్లూ వాడు జట్టులోనే ఉంటాడు.

మన ఊరి పేరు పెట్టుకున్న ఎత్తిపోతల పథకం ఎట్లా పనిచేస్తుందో చూశావా? శ్రీశైలం జలాశయం నీళ్లను ఎల్లూరు దగ్గర ఎత్తుతారు, అక్కణ్నుంచి జొన్నలబొగుడ, ఆ తరువాత గుడిపల్లిగట్టు. మూడు మెట్లు. 2020 అక్టోబరులో ఎల్లూరు పంపుహౌస్ నీట మునిగినప్పుడు పై రెండు మెట్లకూ నీళ్లు ఆగిపోయాయి. ఎంపికల మెట్లూ అంతే. మండలం, జిల్లా, రాష్ట్రం అని పైకి చూస్తూ కూర్చుంటాం గానీ, నీళ్లెత్తాల్సిన మొదటి చోటు మీ బడి మైదానమే.

ఎంపికల రోజు కోసం రెండు చిన్న పనులు. బోనఫైడ్ మీద హెడ్‌మాస్టరు సంతకం, ఆధార్, జనన ధ్రువీకరణ పత్రం, ఫొటోలు ముందు వారమే ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి పీఈటీ సారుకు ఇచ్చేయండి. ఆట బాగా ఆడి, కాగితం లేక వెనక్కి వచ్చినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. రెండోది, నెట్‌లో నీకు దొరికే ఆ కొద్ది బంతుల్లో మొదటి రెండు ఆపు. సిక్సు కొట్టేవాళ్లు వరసలో నీ ముందు ఎందరో ఉంటారు, నిలబడగలిగేవాడి కోసమే సెలెక్టర్ కళ్లు వెతుకుతుంటాయి.

ఎవరైనా ఎంపికై పైకి పోతే ఇంట్లో ఒక ప్రశ్న వస్తుంది, పట్నం పోవాలా అని. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష కోసం ఇంటివాళ్లు ఊరు మారారు. 2025 అండర్-19 ప్రపంచ కప్‌లో ఆమె 309 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయింది. అట్లా మారగలిగిన ఇళ్లు కొన్ని, మారలేనివే ఎక్కువ. మారమన్నాడని పిల్లవాణ్ని, మారలేదని తండ్రిని తప్పుపట్టే పని మనది కాదు.

సంక్రాంతికి ఊళ్లో పెద్దవాళ్ల టోర్నమెంట్లు మొదలవుతాయి. పదో తరగతి వాళ్లు పరీక్షల్లో పడతారు. అప్పటికి నీ నోట్‌బుక్ అట్ట చిరిగి, నాలుగైదు పేజీల మీద వాన చుక్కలు పడి సిరా అలుక్కుపోయి ఉంటుంది. దాన్ని తొమ్మిదో తరగతిలో బాగా లెక్కలు వచ్చే పిల్లకో పిల్లవాడికో ఇవ్వు. ఇచ్చే ముందు ఇంకోసారి కూడి చూడు. ఏదో ఒక మ్యాచ్‌లో ఒక పరుగు తేడా ఉండే ఉంటుంది. దాన్ని దిద్దకు. పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి, తేదీ వేసి, అట్లాగే ఇచ్చెయ్యి.